గోదావరి పోసిన దిబ్బ మీద ఒక పల్లె

కాకినాడ రేవు దగ్గర నిలబడి తూర్పు దిక్కుగా చూస్తే, అఖాతానికి అవతల నీటి మీద సన్నని పచ్చగీత ఒకటి కనిపిస్తుంది. అదే హోప్ ఐలాండ్. ఉత్తర దక్షిణాలుగా 16 నుంచి 18 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక దిబ్బ అది. పొడవు ఎంత ఉన్నా వెడల్పు మాత్రం బహు తక్కువ. సరుగుడు తోపులు, మడ చెట్లు, ఇసుక మెట్టలు, వాటి నడుమ మత్స్యకారుల చిన్న పల్లె. అక్కడికి రోడ్డు లేదు, వంతెన లేదు. బియ్యం బస్తా కావాలన్నా, జ్వరానికి మాత్ర కావాలన్నా, పురిటి నొప్పులు మొదలైనా పడవ ఎక్కాల్సిందే.

ఈ పల్లె కింద ఉన్న నేల వయసు సుమారు రెండు వందల ఏళ్లు. దగ్గర్లోని ద్రాక్షారామ ఆలయానికి వెయ్యేళ్లు దాటాయి. ఆ గుడి కట్టిన నాటికే కాదు, ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లకు కూడా ఇక్కడ సముద్రమే ఉండేది. మన కళ్ల ముందున్న తెలుగు నేలలో ఇంత లేతది అరుదు. దీన్ని ఎవరూ పూడ్చలేదు, ఎవరూ కట్టలేదు. గోదావరి తెచ్చింది, అలలు మోశాయి, గడ్డి మొక్కలు నిలబెట్టాయి. ఆ మూడింటిలో ఏది తగ్గినా నేల తగ్గుతుంది. అందుకే ఈ పల్లె కథ నిజానికి ఒక నది కథ. వందల కిలోమీటర్ల ఎగువన ఆనకట్ట దగ్గర తీసుకునే నిర్ణయం, ఇక్కడ ఒక గుడిసె ముంగిట్లో అల ఎంతదాకా వస్తుందో తేలుస్తుంది.

ఇసుక నడక

గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. దేశ విస్తీర్ణంలో ఇది దాదాపు పదో వంతు. మరాఠ్వాడా నల్లరేగడి, తెలంగాణ రాతి నేలలు, బస్తర్ అడవి కొండలు అన్నిటి మీదా పడిన వాన, ఆ నేలల్ని కొంచెం కొంచెంగా కోసి నదిలో వేస్తుంది. ధవళేశ్వరం దాటాక నది పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి మొగ దగ్గర సముద్రానికి అప్పజెప్పే సరుకులోంచే హోప్ ఐలాండ్ పుట్టింది.

మొగ దగ్గర నది వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మోసుకొచ్చిందంతా అక్కడే దించేయాలి. అప్పుడు అలలు ఆ సరుకును చేటలో చెరిగినట్టు చెరుగుతాయి. మెత్తని బురద తేలికగా లేచి లోతు నీళ్లలోకి, అఖాతంలోకి పోతుంది. బరువైన ఇసుక ఒడ్డునే మిగులుతుంది. ఈ తీరంలో ఇసుక మీద అక్కడక్కడా కనిపించే నల్లటి చారలు ఇల్మనైట్, మాగ్నెటైట్ వంటి బరువైన ఖనిజాలవి. తేలికైన రేణువులు కొట్టుకుపోయాక అవి అలా పేరుకుంటాయి.

మిగిలిన ఇసుక కూడా ఉన్నచోట ఉండదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఈ తీరాన్ని నేరుగా కాకుండా దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా తాకుతాయి. అల ఎక్కేటప్పుడు ఇసుకరేణువును ఏటవాలుగా ఉత్తరం దిక్కుకు నెడుతుంది. తిరిగి జారేటప్పుడు మాత్రం వాలు వెంట నేరుగా కిందికి లాగుతుంది. ఇలా ఎక్కుతూ దిగుతూ ప్రతి అలకూ రేణువు ఒక్క అడుగు ఉత్తరానికి జరుగుతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఇదే పని. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులు దాన్ని కొంత వెనక్కి, దక్షిణానికి తోస్తాయి. ఏడాది చివర లెక్క చూస్తే ఉత్తరానికి పోయిందే ఎక్కువ. గోదావరికి వరద వచ్చే నెలలూ, అలలు ఇసుకను ఉత్తరానికి నెట్టే నెలలూ ఒకటే కావడం ఇక్కడి విశేషం. సరుకు వచ్చే వేళకు మోసేవాళ్లు సిద్ధంగా ఉంటారు.

గౌతమి మొగ దాటాక తీరరేఖ పడమటికి, కాకినాడ వైపుకు వంగిపోతుంది. ఇసుక ప్రవాహం మాత్రం వంగకుండా తన దారిన ముందుకే సాగుతుంది. అలా నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఇసుక మేట వేసి, ఆ మేట మీదుగా మళ్లీ ఇసుక నడిచి, కొన కొనగా పెరుగుతూ పోయింది. ఈ పెరుగుదలకు కారణాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సి. మహదేవన్, ఆర్. ప్రసాదరావు 1958లోనే పరిశీలించి ప్రకటించారు. డెల్టా ఒడ్డు నుంచి పొడుచుకొచ్చిన ఈ దిబ్బను ఈనాడు మనం ద్వీపం అంటున్నాం.

ఇసుక పోగుపడినంత మాత్రాన నేల అయిపోదు. గాలికి లేచిపోతుంది. దాన్ని మొదట పట్టుకునేది పల్లెటూళ్లలో ‘రావణాసురుడి మీసాలు’ అని పిలిచే ముళ్ల గడ్డి. ఉప్పు గాలికి, ఎండకు, ఇసుకలో కూరుకుపోవడానికి తట్టుకుని, కణుపు కణుపునా వేళ్లు దించుతుంది. దాని వెంట మేకగిట్ట ఆకారపు ఆకులతో ఊదా పూలు పూసే తీగ పాకుతుంది. ఈ రెండూ గాలి వేగాన్ని నేల దగ్గర తగ్గిస్తాయి, ఎగిరే ఇసుక అక్కడే రాలుతుంది, మెట్ట ఎత్తు పెరుగుతుంది. ఆ మెట్ట చాటునే మనిషి గుడిసె వేసుకోగలిగాడు.

దిబ్బ చాటున అడవి

దిబ్బ పెరుగుతున్న కొద్దీ దానికీ ప్రధాన భూమికీ మధ్య నీళ్లు నెమ్మదించాయి. అదే కాకినాడ అఖాతం. తూర్పున దిబ్బ, పడమట కాకినాడ, దక్షిణాన కోరంగి అడవి, ఉత్తరాన మాత్రమే సముద్రానికి తలుపు. పెద్ద అలల తాకిడి లేని ఈ నీళ్లలో ఓడలు నిబ్బరంగా లంగరు వేయగలవు. తూర్పు తీరంలో కాకినాడ మంచి సహజ రేవుగా పేరు పొందడానికి ఈ దిబ్బ చాటే ముఖ్య కారణం.

నెమ్మదించిన నీళ్లలో బురద కూడా దిగింది. గోదావరి నీటిని కోరంగి, గాడేరు పాయలు అఖాతంలోకి తెస్తాయి. వాటితో వచ్చిన ఒండ్రు ఇక్కడ మేట వేసి కొత్త బురద నేలల్ని కట్టింది. వాటి మీద మడ అడవి అడుగు అడుగునా ముందుకు జరిగింది. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉప్పును గెలిచిన చెట్లు. మడ చెట్టు ఉప్పునీటిని పీల్చి, మిగులు ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఊపిరాడని బురదలోంచి గాలి కోసం శ్వాసవేళ్లను పైకి పొడుస్తుంది. ఉప్పుపొన్న కాయ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, నేరుగా బురదలో దిగి నాటుకుంటుంది.

1978లో ఈ అడవిని కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. 235.70 చదరపు కిలోమీటర్ల ఆ పరిధిలో నీటికుక్కలు, చేపల్ని వేటాడే బావురుపిల్లులు ఉన్నాయి. ఇసుక దిబ్బ కూడా ఇందులో భాగమే. మడ వేళ్ల మధ్య రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీతలు పెరిగి పెద్దవై సముద్రంలోకి వెళ్తాయి. అఖాతం అడుగున గుల్లలు విస్తారంగా దొరుకుతాయి, వాటితో ఒకప్పుడు సున్నం బట్టీలు నడిచేవి. పల్లెవాసుల వలలో పడే చేపకు మొదటి ఊయల ఆ అడవే. దిబ్బ లేకపోతే ఈ అడవి ఇంత పెరిగేది కాదు, అడవి లేకపోతే పల్లెకు బతుకుదెరువు ఇంత ఉండేది కాదు.

ఉప్పు సముద్రం నడుమ తీపి నీళ్లు

చుట్టూ ఉప్పునీళ్లున్న ఇసుక దిబ్బలో మంచినీళ్లు ఎలా దొరుకుతాయి? సముద్ర తీరపు పల్లెల్లో చెలమ తవ్వడం తెలిసిన వాళ్లందరికీ దీని ఆచరణ తెలుసు. మెట్ట నడుమ ఇసుకను కొద్దిగా తోడితే తీపి నీరు ఊరుతుంది. మరీ లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది.

కారణం బరువులో ఉంది. ఒక లీటరు మంచినీరు కిలో తూగితే, ఒక లీటరు సముద్రపు నీరు సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి, కింద చేరిన ఉప్పునీటి మీద తేలుతూ మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా నిలుస్తుంది. ఈ సంగతిని 19వ శతాబ్దం చివర నెదర్లాండ్స్‌కు చెందిన బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా లెక్కగట్టారు. సముద్ర మట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు ఉంటే, కింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉండగలదని వారి సూత్రం.

ఆ లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. పైమట్టం ఒక్క అడుగు తగ్గితే కింద 40 అడుగుల నిల్వ కరిగిపోవచ్చు. దిబ్బ సన్నగా ఉన్నచోట నిల్వ అసలే పలచన. తుఫాను అల ఒక్కసారి దిబ్బను దాటి పారిందంటే చెలమలన్నీ ఉప్పు కషాయం. మళ్లీ వానలు పడి కడిగేదాకా తాగునీటికి పడవే దిక్కు. ఇలాంటి దిబ్బ మీద బోరు వేసి మోటారుతో తోడటం ప్రమాదకరం. చెలమ నీటిని చేత్తో తోడుకునే పాత పద్ధతిలో ఆ నేల ఓర్పుకు తగ్గ కొలత ఉంది.

తాబేళ్ల పురిటిల్లు

జనవరి నుంచి మార్చి దాకా ఈ దిబ్బ సముద్రం వైపు ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి ఒక్కసారికి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. పుట్టేది ఆడా మగా అనేది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ సమంగా, అంతకన్నా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి. భూమి వేడెక్కడం ఈ జీవికి ఎంత సూటిగా తగులుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

నక్కల నుంచి, కుక్కల నుంచి కాపాడేందుకు అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె లోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతోంది. ఆ పని తీరంలోని జనం సాయం లేకుండా సాగదు. ఏ ఒడ్డున జాడ కనిపించిందో, ఏ రాత్రి ఎక్కడ ఎక్కిందో ముందుగా తెలిసేది వల భుజాన వేసుకుని తెల్లవారుజామున నడిచేవాళ్లకే.

కాపు కాసే దిబ్బకు కాపు ఎవరు?

ఈ తీరానికి తుఫాను కొత్త కాదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి కోరంగి రేవును ముంచేశాయి. దాదాపు 20 వేల మంది పోయారని నాటి కథనాలు చెబుతాయి. 1839 నవంబరులో మరో తుఫాను కోరంగిని మళ్లీ నేలమట్టం చేసింది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ రేవు, బర్మాలో తెలుగువాళ్లందరికీ తన పేరే పెట్టిన ఆ ఊరు, ఆ దెబ్బలకూ పూడికకూ తట్టుకోలేక పక్కకు తప్పుకుంది. కాకినాడ పైకి వచ్చింది.

తీరానికి దగ్గర్లో సముద్రం లోతు తక్కువ. తుఫాను గాలి తోసిన నీరు కిందికి తప్పించుకునే దారి లేక పైకి లేస్తుంది. దాన్నే ఉప్పెన అంటాం. లేచిన అల నగరాన్ని చేరే ముందు ఎక్కడో ఒకచోట విరిగితే దాని బలం చాలావరకు అక్కడే ఖర్చవుతుంది. హోప్ ఐలాండ్ కాకినాడకు చేసే మేలు అదే. దిబ్బ దగ్గర అల విరుగుతుంది, అఖాతంలో నెమ్మదిస్తుంది, మడ వేళ్ల మధ్య ఇంకా తగ్గుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడూ తూర్పున ఈ దిబ్బ అడ్డుగా ఉంది.

కానీ నగరానికి అడ్డు నిలిచే చోట మనుషులు ఉన్నారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను ఈ తీరాన్నే తాకింది. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ దిబ్బ మీది కుటుంబాలు పిల్లాపాపలతో, వలలు వదిలి, అఖాతం దాటి రావాలి. గాలి ముదరకముందే పడవ కదలాలి. ఒక గంట ఆలస్యమైతే ఆ దారీ మూసుకుపోతుంది. నగరంలో వాళ్లకు తుఫాను హెచ్చరిక ఒక వార్త, ఇక్కడి వాళ్లకు అది ఇల్లు ఖాళీ చేయమన్న పిలుపు.

రాని ఇసుక

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దిబ్బను పోసిన గోదావరి ఇప్పుడు మునుపటంత తేవడం లేదు. జి. మాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970ల్లో ఏటా 145 మిలియన్ టన్నుల దరిదాపుల్లో ఉన్న ఒండ్రు, 1990ల నాటికి 60 మిలియన్ టన్నుల లోపుకు పడిపోయింది. 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చిచూస్తే గోదావరి డెల్టా తీరంలో నికరంగా 1,836 హెక్టార్లు, అంటే నాలుగున్నర వేల ఎకరాల నేల సముద్రంలో కలిసింది. మేట వేసిన చోట్లను కలుపుకున్నాక కూడా మిగిలిన నష్టం ఇది.

రాని ఒండ్రు ఎక్కడుంది? జలాశయాల అడుగున ఉంది. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు దాని నిల్వ 112 టీఎంసీలు. పూడిక చేరుతూ చేరుతూ తర్వాతి సర్వేల్లో అది మొదట 90కి, ఆపైన 80 టీఎంసీల దగ్గరికి దిగింది. తెలంగాణ రైతుకు ఆ 30 టీఎంసీలు పోయిన నీళ్లు. డెల్టాకు అవి పోయిన నేల. ఒకే పూడిక రెండు చోట్ల నష్టం చేస్తోంది. ఎగువన జయక్వాడీ నుంచి దిగువ దాకా ప్రతి జలాశయంలోనూ జరిగేది ఇదే. దీనికి తోడు నదీగర్భంలో ఇసుక తవ్వకాలు ఉన్నాయి.

మరోపక్క సముద్రం పెరుగుతోంది. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 నుంచి 2017 వరకు ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెబుతోంది. డెల్టా నేల తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగడం సహజం. ఏటా వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడ్చాలి. ఒండ్రు ఆగితే కుంగడం మిగులుతుంది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి హెచ్చరించింది ఈ ప్రమాదం గురించే. ఆ జాబితాలో గోదావరి, కృష్ణ రెండూ ఉన్నాయి.

తీరంలో ఒకచోట మార్పు మరొకచోట తేలుతుంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ దశాబ్దాలుగా కోతకు గురవుతోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ఒక్కొక్కటే పోయాయి. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుకను హోప్ ఐలాండ్ దిబ్బ పట్టి ఉంచడం, దిబ్బ కొన దాటిన అలలు వంగి ఉప్పాడ దగ్గర కేంద్రీకృతం కావడం ఇందుకు కారణాలని తీర అధ్యయనాలు చెబుతున్నాయి. రేవు కట్టడాల ప్రభావమూ ఉంది. జియో ట్యూబులు వేశారు, రాళ్లు పోశారు, కోత ఆగలేదు. గోడ ఆ చోట అలను ఆపుతుంది తప్ప కొత్త ఇసుకను పుట్టించలేదు.

ఇలాంటి కోత చివరికి ఎక్కడికి దారితీస్తుందో ఒడిశాలో చూడొచ్చు. అక్కడి కేంద్రపడా జిల్లాలో సతభయా అనే ఏడు ఊళ్ల సమూహం ఉండేది. సముద్రం ఒక్కొక్క ఊరినే మింగుతూ వచ్చింది. చివరికి మిగిలిన కుటుంబాలను బాగపాటియా అనే చోటుకు తరలించారు. 2018లో ఆ ఊళ్ల వాళ్లు కొలిచే పంచుబరాహి అమ్మవార్ల విగ్రహాలు కూడా భక్తుల వెంట కదిలాయి. దశాబ్దాల పాటు నేల పోగొట్టుకున్నాక దొరికిన పునరావాసం అది. ఆ ఆలస్యం మన తీరంలో జరగకూడదు.

చేయాల్సింది

మొదటిది, ఇసుక దిబ్బను కదిలే నేలగానే చూడాలి. తుఫాను అలకు ముందువైపు కోసుకుపోయి వెనకవైపు మేట వేస్తూ కొద్దికొద్దిగా ఒడ్డు వైపుకు జరగడం ఇలాంటి దిబ్బల స్వభావం. సముద్రం వైపు ఇసుక మెట్టలను చదును చేయకుండా, ముళ్ల గడ్డిని, తీగల్ని పీకకుండా, బరువైన కట్టడాలు వేయకుండా ఉంటే దిబ్బ తన పని తాను చేసుకుంటుంది. విహార కేంద్రం పేరుతో ఏ ప్రణాళిక వచ్చినా ముందు ఈ పరీక్షలో నెగ్గాలి.

రెండోది, పల్లెవాసుల సంగతి. రోగిని తీసుకెళ్లే పడవ, నమ్మదగిన తాగునీరు, తుఫానుకు ముందే కదిలే రవాణా వారికి హక్కుగా అందాలి. ఎప్పుడో ఒకనాడు తరలి రావాల్సి వస్తే అది ఎక్కడికి, ఎప్పుడు, వలా పడవా ఏమవుతాయి అన్నది వారితో కూర్చుని ఇప్పుడే మాట్లాడాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. గోదావరిలో ప్రతి టీఎంసీ నీటికీ రాష్ట్రాల మధ్య లెక్క ఉంది. ట్రిబ్యునల్ ఉంది, బోర్డు ఉంది. అదే నది మోసే ఒండ్రుకు మాత్రం పంపకంలో వాటా లేదు. జలాశయాల నుంచి వరద రోజుల్లో ఒండ్రును దిగువకు వదిలే మార్గాలున్నాయి. వాటిని ఎక్కడ, ఎంత మేరకు అమలు చేయగలమో ఇంజినీర్లు తేల్చాలి. కొత్త ప్రాజెక్టు నివేదికలో నీటి నిల్వతో పాటు, దిగువకు ఏటా ఎంత ఇసుక చేరుతుందో కూడా రాయాలి. పోలవరం పూర్తవుతున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న వేయడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

గోదావరి నీళ్ల గురించి మీ ఊళ్లో, మీ సభలో, మీ పత్రికలో ఈసారి చర్చ వచ్చినప్పుడు, ఒండ్రు మాట కూడా ఎత్తండి. డెల్టా నేలను నిలబెట్టేది ఆ ఒండ్రే, హోప్ ఐలాండ్ పల్లె నిలబడిందీ దాని మీదే.